ముందు ఆగడం సంగతి చూడండి: కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌లో ఫ్యూజన్ ఇంజిన్‌తో మరో నక్షత్రానికి

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అంటే రాకెట్లు కట్టి ఎగరేసే కంప్యూటర్ గేమ్. అందులో ఫ్యూజన్ ఇంజిన్ (పరమాణు కేంద్రకాలు కలిసినప్పుడు వచ్చే శక్తితో నడిచేది) చేతికి రాగానే దాదాపు అందరూ ఒకటే పని చేస్తారు. ఓ పెద్ద ట్యాంకు, వెనక ఇంజిన్, ముందు క్యాప్సూల్ పెట్టి థ్రాటిల్ పైకి నెట్టేస్తారు. నౌక దూసుకుపోతుంది, అందులో ఇబ్బందేం లేదు. చిక్కంతా అవతలి ఒడ్డునే. సెకనుకు మూడు వందల కిలోమీటర్లతో వచ్చిన నౌకను ఆపడానికి ట్యాంకులో ఇంధనం చాలదు. ఇంధనం ఉంటే ఇంజిన్ వెలిగించడానికి కరెంటు ఉండదు. రెండూ ఉంటే, వార్ప్ (గేమ్ కాలాన్ని వేగంగా నడిపించే సౌకర్యం) ఆపే లోపే నక్షత్రం వెనకబడిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడి పద్ధతి తిరగేసి ఉంటుంది: ఆగే చోట మొదలుపెట్టి, లాంచ్‌ప్యాడ్ దాకా వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ఏమేం కావాలి

గేమ్ మొదటి భాగం, వెర్షన్ 1.12.5. మామూలు గేమ్‌లో ఫ్యూజన్ ఇంజిన్ లేదు, రెండో నక్షత్రమూ లేదు. రెండూ మోడ్‌లతో (ఆటగాళ్లు తయారుచేసి పంచే అదనపు భాగాలతో) రావాల్సిందే. ఇంజిన్లకు నెర్టియా చేసిన ఫార్ ఫ్యూచర్ టెక్నాలజీస్ వేసుకోండి. వేడి లెక్క చూసే సిస్టమ్ హీట్ కూడా దానికి తప్పనిసరి. నక్షత్రాలకు కాపర్నికస్, దాని మీద మీకు నచ్చిన స్టార్ ప్యాక్. వార్ప్‌లో ఉండగా ఇంజిన్ నడవడానికి పర్సిస్టెంట్ థ్రస్ట్. అన్నిటినీ సీకేఏఎన్ అనే మోడ్ మేనేజర్‌తో దించుకుంటే ఏది దేనికి కావాలో అదే చూసుకుంటుంది.

స్టార్ ప్యాక్‌ను పాత సేవ్‌లోకి ఎక్కించకండి. గ్రహాల వరస మారిపోయి, ఒక గ్రహం చుట్టూ తిరుగుతున్న నౌక ఇంకో గ్రహం దగ్గర తేలే ప్రమాదం ఉంది. కొత్త సేవ్ మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంటే చిన్న ప్యాక్‌తో సరిపెట్టుకోండి.

లెక్కకు ఒక నమూనా నౌక

ఇంజిన్ల అంకెలు మోడ్ వెర్షన్‌ను బట్టి మారతాయి కాబట్టి ఏ ఒక్క భాగం పేరూ పట్టుకోకుండా, లెక్కకు అనువైన గుండ్రటి అంకెలు తీసుకుందాం. మీ ఇంజిన్ సమాచార పలకలో ఉన్న అంకెలు వీటి స్థానంలో పెట్టుకుంటే చాలు.

ఐఎస్‌పీ (ఇంజిన్ ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే అంకె) 1,00,000 సెకన్లు. థ్రస్ట్ 200 కిలోన్యూటన్లు. ఇంధనం లేకుండా నౌక బరువు 120 టన్నులు, ఇంధనం 120 టన్నులు. వెళ్లాల్సిన నక్షత్రం 10,000 కోట్ల కిలోమీటర్ల దూరం. ఇది నిజమైన నక్షత్రాల దూరం కాదు. మనకు అతి దగ్గరి ప్రాక్సిమా సెంటారీ సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు ఉంటుంది. అయితే గేమ్‌లో సౌర కుటుంబమే నిజం దానిలో పదో వంతు కొలతకు కుదించి ఉంటుంది, స్టార్ ప్యాక్‌లు దూరాన్ని ఇంకా కుదిస్తాయి. మీ ప్యాక్‌లో దూరం ఎంతో ట్రాకింగ్ స్టేషన్‌లో చూసుకోండి.

ఐఎస్‌పీని 9.80665తో గుణిస్తే ఇంజిన్ నుంచి వెలువడే ప్లాస్మా వేగం వస్తుంది: సెకనుకు సుమారు 981 కి.మీ. నిండు బరువును ఖాళీ బరువుతో భాగించి, క్యాలిక్యులేటర్‌లో ఎల్ఎన్ బటన్ నొక్కి, వచ్చినదాన్ని 981తో గుణిస్తే మొత్తం డెల్టా-వి, అంటే ఉన్న ఇంధనంతో నౌక తన వేగాన్ని మొత్తం ఎంత మార్చుకోగలదో ఆ అంకె. 240ని 120తో భాగిస్తే 2; దాని ఎల్ఎన్ 0.693, డెల్టా-వి 680 కి.మీ./సె.

గేమ్‌లో మామూలుగా దొరికే అణు ఇంజిన్ నెర్వ్ ఐఎస్‌పీ 800. అదే 680 దానితో రావాలంటే నిండు బరువు ఖాళీ బరువుకు ఎన్ని రెట్లు ఉండాలో వేసి చూడండి: 1 పక్కన 37 సున్నాలు పెట్టినా చాలదు. ఫ్యూజన్ కోసం ఇంత గొడవ పడేది అందుకే.

ఆగడం నుంచి వెనక్కి

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసుకుని కింది నుంచి పైకి రాయండి.

అన్నిటికంటే కింద ఖాళీ నౌక, 120 టన్నులు. దాని మీద, నక్షత్రం దగ్గర ఆగాక గ్రహం నుంచి గ్రహానికి తిరగడానికి 30 కి.మీ./సె. నిల్వ. ముప్పైని 981తో భాగించి, క్యాలిక్యులేటర్‌లో ఈ-పవర్ (e^x) బటన్ నొక్కితే 1.031. నూట ఇరవైని దానితో గుణిస్తే 123.7 టన్నులు. అంటే ఆగిన క్షణాన నౌక బరువు 123.7 ఉండాలి.

దాని మీద బ్రేకు: 320 కి.మీ./సె. ఈ-పవర్ 1.386. ఇప్పుడు 171.5 టన్నులు. బ్రేకు వేయడం మొదలుపెట్టేటప్పటి బరువు ఇది.

దాని మీద వేగం పెంచుకోవడానికి మరో 320. మళ్లీ 1.386తో గుణించండి: 237.6 టన్నులు. పైన మిగిలిన 2.4 టన్నులు కెర్బిన్ (గేమ్‌లో మన భూమి లాంటి గ్రహం) నుంచి బయటపడటానికి, దారిలో దిద్దుబాట్లకు. దాని విలువ సుమారు 10 కి.మీ./సె.

చూశారా, వేగం పెంచడానికి 66.2 టన్నులు, అదే వేగాన్ని తగ్గించడానికి 47.7 టన్నులే. వచ్చేటప్పటికి నౌక తేలికపడి ఉంటుంది కదా. కాబట్టి ఇంధనం ముల్లు సగానికి రాగానే ఇంజిన్ ఆపే అలవాటు ఇక్కడ పనికిరాదు. మన నమూనాలో 60 టన్నులకే ఆపేస్తే వేగం 282 దగ్గర ఆగిపోతుంది, ట్యాంకులో 398కి సరిపడా ఇంధనం ఉత్తినే మూలుగుతుంది. దాంతో ప్రాణం పోదు, ప్రయాణం నాలుగున్నర కెర్బిన్ ఏళ్లు పెరుగుతుంది. "ఇంకా బోలెడు ఉందిగా" అని 80 టన్నులు కాల్చేస్తే మాత్రం పోతుంది: వేగం 398, ఆపడానికి మిగిలింది 282. గమ్యం పక్కనుంచి సెకనుకు 115 కి.మీ.తో టాటా చెబుతూ పోతారు.

ముల్లును వదిలేసి డెల్టా-వి అంకెను చూడండి. నమూనా నౌకలో అది 350కి దిగగానే ఇంజిన్ ఆపాలి: బ్రేకుకు 320, నిల్వ 30. మోడ్ ఇంధనాలతో గేమ్ చూపే డెల్టా-వి అప్పుడప్పుడూ తప్పుతుంది. అందుకే నౌక మొత్తం బరువును కూడా పక్కన చూసుకుంటూ ఉండండి. 171.5 టన్నులు కనిపిస్తే ఆపాలి. బరువు అబద్ధం చెప్పదు.

ఆగాలి అనుకుంటే నిండు-ఖాళీ నిష్పత్తి వర్గమవుతుంది, రెట్టింపు కాదు. ఒకవైపు 320కి 1.386 చాలు, ఆగాలంటే 1.386ను మళ్లీ 1.386తో గుణించాలి. చిన్న నిష్పత్తుల్లో ఇది నొప్పి తెలియదు, పెద్దవాటిలో నడుం విరుగుతుంది. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973-78 మధ్య రూపొందించిన డెడాలస్ నౌకనే తీసుకోండి. మొత్తం సుమారు 54,000 టన్నుల్లో 50,000 టన్నులు ఇంధనమే. సెకనుకు 250 ఇంధన గుళికలు పేలుస్తూ, రెండు దశల్లో కాంతి వేగంలో 12 శాతం అందుకుని బర్నార్డ్ నక్షత్రం వైపు వెళ్లాలి. అంత చేసి, ఆ నక్షత్రం పక్కనుంచి ఆగకుండా పోవడమే వాళ్ల పథకం. ఆపాలనుకుంటే ఆ నిష్పత్తిని వర్గం చేయాల్సి వచ్చేది. గేమ్‌లో మనం ఆగగలుగుతున్నామంటే దూరాలు కుదించి ఉండటం వల్లే.

ఏ ఇంధనం

ఫార్ ఫ్యూచర్‌లో రకరకాల ఇంజిన్లున్నాయి. కొన్నిటికి గుళికలు, కొన్నిటికి ద్రవ డ్యుటీరియం, హీలియం-3. డ్యుటీరియం-హీలియం-3 కలిస్తే 18.3 మెగా ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తి వస్తుంది, అదంతా ఆవేశం ఉన్న కణాల్లోనే. ప్రోటాన్ 14.7 పట్టుకుపోతే మిగతాది హీలియం-4కు. ఆవేశం ఉన్నవాటిని అయస్కాంత క్షేత్రంతో వెనక్కి మళ్లించవచ్చు, థ్రస్ట్ అదే. డ్యుటీరియం-ట్రిటియం వెలిగించడం సులువు. కానీ 17.6లో 14.1 న్యూట్రాన్‌తో పోతుంది. న్యూట్రాన్ అయస్కాంతం మాట వినదు. నౌకను వేడెక్కించి వెళ్తుంది. పైగా ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. గేమ్‌లో మన ప్రయాణం 34 కెర్బిన్ ఏళ్లు, అంటే భూమి లెక్కన పదేళ్లకు కాస్త తక్కువ. నిజంగా అయితే బ్రేకు వేసే వేళకు ట్రిటియంలో 57 శాతమే మిగులుతుంది. దూర ప్రయాణానికి హీలియం-3 వైపే మొగ్గండి.

రెండు ఇంధనాల ఇంజిన్‌తో ఒక ఉచ్చు ఉంది. ఇంజిన్ పలకలో రెండిటి నిష్పత్తి యూనిట్లలో రాసి ఉంటుంది. రెండు సమానమైన ట్యాంకులు పెట్టి వదిలేస్తే ఒకటి ముందే అయిపోతుంది, ఇంజిన్ ఆరిపోతుంది, రెండోది ట్యాంకు నిండా ఉన్నా మోత బరువే. ఆ నిష్పత్తి ప్రకారమే ట్యాంకులు నింపండి. నింపాక యూనిట్లు కాకుండా టన్నులు చూడండి; రాకెట్ లెక్కకు కావాల్సింది టన్నులే.

కరెంటు: 34 ఏళ్ల తర్వాత ఇంజిన్ వెలగాలి

ఈ భాగాన్ని తొందరగా దాటేయకండి. అంతర్నక్షత్ర నౌకల్ని చంపేది ఎక్కువగా ఇదే.

ఫ్యూజన్ ఇంజిన్లు స్పేస్ కీ నొక్కగానే వెలగవు. ముందు ఛార్జ్ చేయాలి: ఇంజిన్ మీద రైట్ క్లిక్ చేసి ఛార్జింగ్ ఆన్ చేస్తే, అది బ్యాటరీల నుంచి కరెంటు లాగుతుంది, నిండాకే వెలిగించడానికి ఒప్పుకుంటుంది. కెర్బిన్ దగ్గర సోలార్ పలకలతో ఈ పని జరిగిపోతుంది, కాబట్టి దీని బరువు మీకు తెలియదు. రెండు నక్షత్రాల మధ్య సోలార్ పలక ఉత్త రేకు. వెలుతురు దూరం వర్గంతో తగ్గిపోతుంది.

అందుకే ప్రధాన ఇంజిన్‌తో సంబంధం లేని కరెంటు వనరు ఒకటి తప్పకుండా ఉండాలి. గేమ్‌లో మామూలుగా వచ్చే ఆర్‌టీజీ (రేడియోధార్మిక పదార్థపు వేడితో కరెంటు ఇచ్చే పరికరం) 80 కిలోల బరువు, సెకనుకు 0.8 యూనిట్ల కరెంటు ఇస్తుంది, ఎన్నేళ్లయినా తగ్గదు. ఛార్జింగ్‌కు ఎంత కావాలో పలకలో చూసి, ఆర్‌టీజీలతో అది ఎన్ని గంటల్లో నిండుతుందో భాగించి చూడండి. రోజులు పట్టినా నష్టం లేదు, మీకు ఏళ్లున్నాయి. ఛార్జింగ్ వేగాన్ని తగ్గించే స్లైడర్ ఉంటే కిందికి లాగండి. నిజంగా పెద్ద నౌకైతే చిన్న విద్యుత్ రియాక్టర్ పెట్టుకోండి. అయినా రెండు ఆర్‌టీజీలు మాత్రం తీసేయకండి: రియాక్టర్‌ను వెలిగించడానికీ కరెంటే కావాలి.

ట్యాంకు మీద రైట్ క్లిక్ చేస్తే కూలింగ్ అనే మాట కనిపిస్తుందా? కనిపిస్తే ఆ ట్యాంకు దారి పొడవునా కరెంటు తాగుతుంది. తాగనివ్వకపోతే ఇంధనం ఆవిరైపోతుంది. మొత్తం కూలింగ్ ఖర్చు సెకనుకు 20 యూనిట్లు అనుకుంటే 25 ఆర్‌టీజీలు దానికే పోతాయి.

ఇక్కడ వార్ప్ ఒక వింత చేస్తుంది. గేమ్ లెక్కలు 0.02 సెకనుకు ఒక అడుగు వేస్తూ సాగుతాయి. లక్ష రెట్ల వార్ప్‌లో ఆ ఒక్క అడుగు 2,000 సెకన్లు. సెకనుకు 20 యూనిట్లు లాగే కూలింగ్‌కు ఒక్క అడుగులో 40,000 యూనిట్లు కావాలి. పెద్ద బ్యాటరీ జెడ్-4కే పట్టేది 4,000. ఉత్పత్తి ఖర్చు కంటే ఎక్కువే ఉన్నా, అడుగు మధ్యలో బ్యాటరీ ఖాళీ అయినట్టు గేమ్ భావించి కూలింగ్ ఆపేస్తుంది. దీన్ని సర్దడానికే డైనమిక్ బ్యాటరీ స్టోరేజ్ అనే మోడ్ ఉంది. మీ మోడ్‌ల జాబితాలో అది ఉందో లేదో చూసుకోండి. అది ఉన్నా సరే, ఉత్పత్తి ఖర్చు కంటే పది శాతమైనా ఎక్కువ ఉండేలా పెట్టుకోండి.

సిగ్నల్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. గేమ్‌లో అతి పెద్ద యాంటెనా ఆర్ఏ-100, మూడో స్థాయి ట్రాకింగ్ స్టేషన్‌తో కలిసి 15.8 కోట్ల కి.మీ. దాకానే అందుతుంది. మీరు వెళ్లేది 10,000 కోట్లు. మనిషి లేని నౌక అంత దూరంలో సగం చచ్చినట్టే. త్రాటిల్ పూర్తిగా తెరవడం, మూయడం తప్ప మధ్యలో ఆపడం కుదరదు, మెనూవర్ నోడ్ (ఇంజిన్ ఎప్పుడు, ఎటు నడపాలో ముందే మ్యాప్‌లో పెట్టుకునే గుర్తు) పెట్టుకోనివ్వదు. నియంత్రణకు సిగ్నల్ తప్పనిసరి అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే అదీ లేదు. ఒక పైలట్‌ను ఎక్కించండి. కెర్బల్స్‌కు (గేమ్‌లోని వ్యోమగాములకు) తిండి అక్కర్లేదు, ముసలితనం రాదు. లైఫ్ సపోర్ట్ మోడ్ వేసుకున్నవాళ్లు 34 ఏళ్ల భోజనం బరువు ఖాళీ బరువులో కలుపుకోవాలి. ఆ బరువు చూశాక చాలామంది మోడ్ తీసేస్తారు.

వేడి

నమూనా ఇంజిన్ వెదజల్లే శక్తి, థ్రస్ట్‌ను ప్లాస్మా వేగంతో గుణించి సగం చేస్తే, 98 గిగావాట్లు. అందులో వెయ్యో వంతు నౌకకు తగిలినా 98 మెగావాట్లు. రేడియేటర్లు అలంకారం కాదు.

సిస్టమ్ హీట్‌లో వేడి లూపులుగా పారుతుంది. ప్రతి భాగానికీ ఒక లూపు నంబరు ఉంటుంది. ఒకే నంబరున్న భాగాలన్నీ వేడిని పంచుకుంటాయి. అన్నీ పుట్టుకతో ఒకే లూపులో ఉంటాయి, తప్పు మొదలయ్యేదీ అక్కడే. ఇంజిన్ లూపు మండిపోతూ ఉంటుంది. విద్యుత్ రియాక్టరో, కూలింగ్ పరికరమో అంత వేడిని ఓర్చుకోలేవు. వాటిని ఒకే లూపులో ఉంచితే చల్లటి భాగం వేడెక్కి మూతపడుతుంది. ఇంజిన్‌కు, దాని రేడియేటర్లకు ఒక నంబరు. మిగతావాటికి, వాటి రేడియేటర్లకు వేరే నంబరు ఇవ్వండి. నౌకను కూర్చే భవనం వీఏబీలోనే సిస్టమ్ హీట్ కిటికీ తెరిచి ఒక్కో లూపులో వచ్చే వేడి, పోయే వేడి సరిపోతున్నాయో చూడండి.

ఎక్కువ ఉష్ణోగ్రతకు తట్టుకునే రేడియేటర్లనే ఇంజిన్‌కు కేటాయించండి. వేడి వెదజల్లడం ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది: 1,000 కెల్విన్‌లో చదరపు మీటరు సుమారు 57 కిలోవాట్లు వదిలితే, 2,000లో 907. పదహారు రెట్లు. ఖాళీ బరువులో పది టన్నులు మిగలడం, మిగలకపోవడం ఇక్కడే తేలుతుంది.

కూర్చడం

240 టన్నుల్ని ఒకేసారి లేపాల్సిన పని లేదు. మూడు నాలుగు లాంచ్‌లలో ముక్కలుగా పంపి కక్ష్యలో కలపండి. కీళ్ల దగ్గర క్లాంప్-ఓ-ట్రాన్ సీనియర్ డాకింగ్ పోర్టులే వాడండి, చిన్నవి వంగుతాయి. సెటింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్వీకబుల్స్ ఆన్ చేస్తే, భాగాల మధ్య కనిపించని ఊతం వేసే ఆటోస్ట్రట్ వస్తుంది. ట్యాంకులకు గ్రాండ్‌పేరెంట్ రకం పెట్టండి. అన్నిటికీ హెవియెస్ట్ పెడితే డాకింగ్ అయిన క్షణంలో బరువైన భాగం మారిపోయి నౌక ఒక్క కుదుపు కుదుపుతుంది, కొన్నిసార్లు ముక్కలవుతుంది.

బయల్దేరే ముందు రిహార్సల్

కెర్బిన్ కక్ష్యలోనే, పేరుతో ఒక సేవ్ చేసుకుని, ఈ మూడూ చేసి చూడండి.

సోలార్ పలకలన్నీ మూసేయండి. బ్యాటరీలను ఖాళీ చేయండి. ఆర్‌టీజీల మీదే ఇంజిన్‌ను ఛార్జ్ చేసి వెలిగించండి. వెలగకపోతే సమస్య ఇక్కడే బయటపడింది, సంతోషించండి.

తర్వాత పర్సిస్టెంట్ థ్రస్ట్ మీ ఇంజిన్‌తో నిజంగా పనిచేస్తుందో చూడండి. కక్ష్యలో నౌక వెళ్తున్న దిశలోనే త్రాటిల్ తెరిచి, 100 రెట్ల వార్ప్‌లో కాసేపు ఉంచండి. వేగం పెరగాలి, ఇంధనం తగ్గాలి, రెండూ లెక్కకు సరిపోవాలి. నమూనా ఇంజిన్ గంటకు 734 కిలోలు తాగాలి. వేగం పెరిగి ఇంధనం తగ్గకపోతే ఆ నౌకతో ఎక్కడికైనా వెళ్లొచ్చు గానీ ఆడినట్టు కాదు. ఇంధనం తగ్గి వేగం పెరగకపోతే అంతకంటే ఘోరం.

ఈ మోడ్ లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. 120 టన్నులూ కాలడానికి 163 గంటలు పడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా మామూలు గేమ్ ఇచ్చే వార్ప్ 4 రెట్లే. అంటే కంప్యూటర్ ముందు 41 గంటలు. వెయ్యి రెట్ల వార్ప్‌లో అదే పని పది నిమిషాలు.

మూడోది: వార్ప్‌ను ఒక్కో మెట్టూ పెంచుతూ లక్ష దాకా వెళ్లండి, ఇంజిన్ ఆపేసి. ఎక్కడ కూలింగ్ ఆగిందో, కరెంటు సున్నా అయిందో రాసుకోండి. దారిలో ఆ మెట్టు దాటకండి.

బయల్దేరడం

ఇక్కడ గ్రహాంతర ప్రయాణపు అలవాట్లు చాలావరకు వదులుకోవాలి. ఏ నెలలో బయల్దేరాలన్న ప్రశ్నే లేదు. కెర్బిన్ దూరంలో సూర్యుడి నుంచి తప్పించుకునే వేగం 13.1 కి.మీ./సె.; మీరు 320తో వెళ్తున్నారు. దారి దాదాపు సరళరేఖ.

కానీ తక్కువ కక్ష్య నుంచి నేరుగా నక్షత్రం వైపు ముక్కు పెట్టి ఇంజిన్ తెరవకండి. 100 కి.మీ. కక్ష్యలో ఒక చుట్టు 33 నిమిషాలు. నమూనా నౌక త్వరణం 0.83 మీ./సె² మాత్రమే, కెర్బిన్‌ను వదలడానికి 19 నిమిషాలు నడవాలి. ఆ సమయంలో సగం చుట్టుకు పైగా తిరుగుతారు. ముక్కు ఒకే దిక్కున ఉంటే కొంతసేపు సొంత వేగానికి ఎదురుగానే తోస్తూ, కక్ష్యను వాతావరణంలోకి దించేస్తారు. కాబట్టి ముందు ప్రోగ్రేడ్ (నౌక వెళ్తున్న దిశ) పట్టుకుని సర్పిలంగా బయటపడండి. ఓబెర్త్ లాభం (గ్రహానికి దగ్గరగా ఇంజిన్ నడిపితే వచ్చే అదనపు ఫలితం), ఇంధన పొదుపు అని ఆలోచించకండి; 680లో ఒకటి పోతే పోనీయండి. కెర్బిన్ ఎస్ఓఐ (దాని గురుత్వాకర్షణ లెక్కలోకి వచ్చే ప్రాంతం) దాటాక నక్షత్రాన్ని టార్గెట్‌గా పెట్టి అప్పుడు తిరగండి.

ఇంజిన్ 15 కెర్బిన్ రోజులు (ఒక్కోటి 6 గంటలు) నడుస్తుంది. 171.5 టన్నుల దగ్గర ఆపండి.

వెంటనే గురి దిద్దుకోండి. ఇప్పుడు సెకనుకు ఒక కిలోమీటరు పక్కకు పోతుంటే, గమ్యం చేరేసరికి 31 కోట్ల కి.మీ. తప్పుతారు. మొదట్లో దిద్దితే ఖర్చు 1 కి.మీ./సె. సగం దారిలో 2. తొంభై శాతం దారి అయ్యాక 10, అంటే మీ దిద్దుబాటు నిల్వ మొత్తం. పైగా ప్రతి దిద్దుబాటుకూ ఇంజిన్ మళ్లీ ఛార్జ్ కావాలి. నక్షత్రం కూడా కదులుతూ ఉంటుంది. అది ఇప్పుడున్న చోటికి కాకుండా 34 ఏళ్ల తర్వాత ఉండే చోటికి గురిపెట్టండి. మ్యాప్‌లో ఎన్‌కౌంటర్ గుర్తు కనిపించే దాకా కొద్దికొద్దిగా సర్దండి. నక్షత్రం నడిబొడ్డుకు గురిపెట్టకూడదు, రెండు కోట్ల కిలోమీటర్లు పక్కకు ఉంచండి.

చేరడం

ప్రయాణం 34 కెర్బిన్ ఏళ్లు, లక్ష రెట్ల వార్ప్‌లో 52 నిమిషాలు. టీ పెట్టుకోవడానికి లేవొచ్చు గానీ, చివరి పావుగంట కుర్చీ వదలకండి. ఎందుకంటే ఆ వార్ప్‌లో ఒక నిజ సెకనుకు నౌక 3.2 కోట్ల కి.మీ. కదులుతుంది. నమూనా నౌక ఆగడానికి కావాల్సిన మొత్తం దూరం 3.95 కోట్ల కి.మీ. రెప్ప వేస్తే బ్రేకు గీత దాటేస్తారు. ఒక్క లెక్క అడుగులోనే 6.4 లక్షల కి.మీ. దాటుతారు, కెర్బిన్ ఎస్ఓఐ వ్యాసం 1.7 లక్షల కిలోమీటర్లే, దాన్ని తాకకుండా దూకేయగలరు.

1.12లో గేమ్‌తోపాటే అలారం క్లాక్ వచ్చింది. బ్రేకు మొదలుపెట్టాల్సిన సమయానికి 20 కెర్బిన్ రోజుల ముందు ఒక అలారం, 3 రోజుల ముందు ఇంకోటి పెట్టండి. మొదటి అలారానికి ఇంజిన్ ఛార్జింగ్ మొదలుపెట్టండి, పేరుతో సేవ్ చేయండి. వార్ప్ వెయ్యికి దించండి.

బ్రేకు దూరం మీ నౌకకు ఎంతో ఇలా తెలుసుకోండి. బ్రేకు సమయం: బ్రేకుకు కేటాయించిన ఇంధనాన్ని సెకనుకు కాలే ఇంధనంతో భాగించండి. నమూనాలో 47.7 టన్నులు, సెకనుకు 0.204 కిలోలు: 2,34,000 సెకన్లు, దాదాపు 11 కెర్బిన్ రోజులు. దాన్ని వేగంలో సగంతో గుణించి, ఐదారు శాతం కలపండి. సగం కంటే కాస్త ఎక్కువెందుకంటే మొదట్లో నౌక బరువు, బ్రేకు మెల్లగా పడుతుంది.

నక్షత్రం ఎస్ఓఐ లోపలికి వచ్చాక నావ్‌బాల్‌లోని (దిక్కులు చూపే గోళంలోని) రెట్రోగ్రేడ్, అంటే వెళ్తున్న దిశకు ఎదురు దిశ, ఆ నక్షత్రానికి సంబంధించినదే, దాన్ని పట్టుకుంటే చాలు. ఎస్ఓఐ 3.95 కోట్ల కంటే చిన్నదైతే బయటే మొదలుపెట్టాలి. అక్కడ రెట్రోగ్రేడ్ పాత సూర్యుడి లెక్కన ఉంటుంది, చిన్న తేడానే, లోపలికి వచ్చాక సర్దుకోండి. ఒక కెర్బిన్ రోజు ఆలస్యమైతే 69 లక్షల కి.మీ. ముందుకు జారుతారు. 30 కి.మీ./సె. నిల్వ ఉంచింది ఇలాంటివాటికే; తీరిగ్గా వెనక్కి రావచ్చు.

వేగాన్ని సున్నా చేయకండి. సున్నా చేస్తే నౌక సూటిగా నక్షత్రంలోకి పడటం మొదలవుతుంది. మ్యాప్ తెరిచి ఉంచి, బయటికి పోయే వంపు గీత మూసుకుని దీర్ఘవృత్తంగా మారే క్షణం కోసం చూడండి. మారగానే వార్ప్ దించి, త్రాటిల్ తగ్గించి, దగ్గరి గ్రహం కక్ష్యకు సరిపోయేలా మెల్లగా ముగించండి. ఇంజిన్ ఆపాక నౌక బరువు చూడండి; 123 టన్నుల పైన ఉంటే గ్రహాల మధ్య తిరగడానికి ఇంధనం మిగిలినట్టే. సోలార్ పలకలు ఇప్పుడు తెరవచ్చు.